వజ్రపు పలుకును పట్టి ఉంచేదేమిటి?

కొల్లేటి చుట్టూ రాయి పుట్టదు. కైకలూరు, మండవల్లి, ఆకివీడు ఎటు వెళ్ళినా కాళ్ళ కింద కృష్ణా గోదావరులు తెచ్చి పోసిన ఒండ్రుమట్టే. ఇళ్ళు మాత్రం రాతితో మెరుస్తుంటాయి. చేపల చెరువులు, రొయ్యల చెరువుల రాబడితో లేచిన మేడల్లో వంటగది గట్టు, మెట్లు, వరండా, పూజగది అన్నీ గ్రానైటే. ఏలూరు, తాడేపల్లిగూడెం శివార్లలో రోడ్డు పక్కన నిలబెట్టి అమ్మే పలకలు ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి, కరీంనగర్, ఖమ్మం ప్రాంతాల నుంచి లారీల్లో వస్తాయి. టైల్స్‌లో చాలావరకు గుజరాత్‌లోని మోర్బీవి. క్వారీలో ఒకసారి, ఫ్యాక్టరీలో ఒకసారి, ఇంటి గుమ్మంలో మరోసారి ఆ రాయిని కోసేది వజ్రమే.

గుమ్మంలో కోసే మేస్త్రీ చేతిలో ఉండేది నాలుగంగుళాల బ్లేడు. కొలిస్తే 110 మిల్లీమీటర్లు. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే కట్టింగ్ మిషన్‌కు దాన్ని బిగిస్తే, బ్లేడు అంచు గంటకు దాదాపు 250 కిలోమీటర్ల వేగంతో రాయిని ఒరుసుకుంటుంది. ఆ అంచులో ఉన్నవి ఇసుక రేణువుల పాటి వజ్రపు పలుకులు. ఒక్కో పలుకు సెకనుకు 200 సార్లు రాతిని గీస్తుంది. అంత దెబ్బ తింటూ అది ఊడిపోకుండా ఎలా నిలుస్తుంది? పనిముట్ల పరిశ్రమ వందేళ్ళకు పైగా ఈ ప్రశ్నకే రకరకాల జవాబులు వెతుకుతోంది. కొట్టులో బ్లేడు కొనేవారు అంగుళాలు అడుగుతారు, ధర అడుగుతారు. పలుకును ఏ పద్ధతిలో పట్టించారో అడిగేవారు అరుదు. బ్లేడు ఎన్నాళ్ళు మన్నుతుంది, ఎంత త్వరగా కోస్తుంది, కోసే మనిషికి ఎంత క్షేమం అన్నవి మూడూ ఆ అడగని ప్రశ్న మీదే ఆధారపడి ఉన్నాయి.

వజ్రం ఎందుకంత మొండిదో ముందు చూడాలి. అది శుద్ధమైన కర్బనం. దాని పరమాణువులు ఒకదాన్నొకటి నాలుగు వైపులా గట్టిగా పెనవేసుకుని ఉంటాయి కాబట్టి బయటివాటితో కలవడానికి పెద్దగా మొగ్గు చూపవు. కరిగించిన రాగినో వెండినో తగరాన్నో దాని మీద పోస్తే పరుచుకోకుండా గుండ్రంగా ముద్దకట్టి జారిపోతుంది. వేడి పెంచితే వేరే చిక్కు. గాలి తగిలేచోట 700 డిగ్రీల సెల్సియస్ దాపుల నుంచే వజ్రం ఆక్సిజన్‌తో కలిసి కాలిపోవడం మొదలవుతుంది. ఇనుము, కోబాల్ట్, నికెల్ పక్కన ఉంటే వేడిలో దాని పైపొర మెత్తటి గ్రాఫైట్‌గా మారిపోవడం ఇంకా సులువవుతుంది. లోహాన్ని కరిగించాలంటే వేడి కావాలి, వజ్రాన్ని కాపాడాలంటే వేడి తగ్గాలి. దీనికి తోడు వేడికి ఉక్కు వ్యాకోచించే దానితో పోలిస్తే వజ్రం చాలా కొద్దిగానే వ్యాకోచిస్తుంది. చల్లారేటప్పుడు లోహం ముడుచుకుని పలుకును బిగించవచ్చు, బిగింపు మితిమీరితే పగలగొట్టనూవచ్చు.

ఏలూరు సీమకు వజ్రంతో పాత చుట్టరికమే ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఇక్కడ తిరిగిన బెంజమిన్ హైన్, 1814లో అచ్చయిన తన గ్రంథంలో ఏలూరుకు పడమరగా 16 మైళ్ళ దూరాన ఉన్న మల్లవల్లి వజ్రపు గనుల గురించి రాశాడు. గులకరాళ్ళ పొర దాకా గుంటలు తవ్వి, ఆ కంకరను కడిగి, ఎండబెట్టి, చేత్తో ఏరేవారు. ఇంకాస్త పడమరగా ఉన్న పరిటాల, దాని చుట్టుపక్కల ఊళ్ళు వజ్రాల వల్లనే సర్కారు జిల్లాల నడుమ నిజాం చేతిలో మిగిలిపోయాయి. 1948 దాకా అవి హైదరాబాదు సంస్థానానికే చెందినవి. రాజుల కిరీటాలకు వెళ్ళిన రాళ్ళ కథలు అందరూ చెబుతారు. నగకు పనికిరాని చిన్న పలుకుల కథ చెప్పేవారు తక్కువ. పనిముట్ల చరిత్ర మొదలయ్యేది మాత్రం ఆ పలుకులతోనే.

రాతిపూసకు బెజ్జం వేయడానికి ఇనుప కడ్డీ కొసన చిన్న గాడి చేసి, రెండు వజ్రపు పలుకులు అందులో కూర్చి, చుట్టూ ఉన్న లోహాన్ని సుతారంగా కొట్టి వాటి మీదికి ముడవడం మన దేశంలో ప్రాచీనమైన విద్య. గుజరాత్‌లోని ఖంబాట్‌లో అకీకు పూసలు చేసేవారు ఈ రెండు పలుకుల బరమాను మన కాలం దాకా వాడుతూ వచ్చారు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ కూడా చెక్కడపు పనివారు వజ్రపు తునకలను ఇనుములో పొదిగించుకుంటారని రాశాడు. ఈ పనితనం భారతదేశం నుంచి రోమ్ వైపు ఎలా సాగిందో లెనార్డ్ గోరెలిక్, జాన్ గ్విన్నెట్ అనే పరిశోధకులు పూసల బెజ్జాల్లోని గీతలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి 1988లో ఒక పత్రం ప్రచురించారు. ఆ బరమాల్లో జిగురు లేదు, కరిగించిన లోహమూ లేదు. లోహాన్ని వంచి పట్టించిన పట్టు మాత్రమే.

1860లలో యూరప్‌లో కొండలు తొలిచే పని కోసం లెషో అనే గడియారాల నిపుణుడు ఇదే ఉపాయాన్ని పెద్దది చేశాడు. బ్రెజిల్‌లో దొరికే కార్బొనాడో అనే నల్ల వజ్రాలను ఉక్కు గొట్టం అంచున ఒక్కొక్కటిగా చేత్తో పొదిగించాడు. రాతిలోంచి నిలువుగా కడ్డీలా నమూనా తీసే కోర్ డ్రిల్లింగ్ అలా పుట్టింది. పొదిగే పనికి నేర్పరి చేతులు, పెద్ద పలుకులు కావాలి, కాబట్టి ఖర్చెక్కువ. ఇసుకంత పలుకులను వేల సంఖ్యలో ఒకేసారి పట్టించే దారి దొరికే వరకు వజ్రం అందరి పనిముట్టు కాలేదు.

1920ల చివర జర్మనీలో క్రుప్ సంస్థ టంగ్‌స్టన్ కార్బైడ్‌ను విడియా పేరుతో అమ్మకానికి తెచ్చింది. లేత్ మీద ఉక్కును చెక్కడానికి అది గొప్ప పనిముట్టు. దానికి పదును పెట్టడం మాత్రం మామూలు సానరాయి వల్ల కాలేదు. వజ్రపు సాన చక్రాలకు గిరాకీ అక్కడ పుట్టింది. రెండో ఊపు కృత్రిమ వజ్రంతో వచ్చింది. స్వీడన్‌లో ఏసియా సంస్థ 1953లోనే తయారుచేసినా బయటపెట్టలేదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ 1955 ఫిబ్రవరిలో ప్రపంచానికి ప్రకటించింది. పలుకు ఆకారం, గట్టితనం కోరినట్టు చేసుకునే వీలు కలిగాక, ఇక మిగిలిన పెద్ద సమస్య దాన్ని పట్టి ఉంచే ఒడుపే.

ఆ ఒడుపుల్లో పరిశ్రమకు పెద్దదిక్కు లోహపు పొడి పద్ధతి. కోబాల్ట్, కంచు, ఇనుము, నికెల్ వంటి లోహాల సన్నటి పొడిలో వజ్రపు పలుకులు కలిపి, గ్రాఫైట్ అచ్చుల్లో పోసి, చదరపు సెంటీమీటరుకు 200 నుంచి 400 కిలోల ఒత్తిడితో అదుముతూ, 700 నుంచి 950 డిగ్రీల మధ్య కొద్ది నిమిషాలు వేడి చేస్తారు. పొడి కరగదు. రేణువులు ఒకదానికొకటి అంటుకుని గట్టి ముద్ద అవుతుంది. చల్లారేటప్పుడు లోహం ముడుచుకుని పలుకును నలువైపులా నొక్కి పట్టుకుంటుంది. బ్లేడు అంచున కనిపించే సెగ్మెంట్ ఇదే. వజ్రం బ్లేడు అంటాం గానీ అందులో వజ్రం కొంచెమే. ఘన సెంటీమీటరులో 4.4 క్యారెట్లు, అంటే పరిమాణంలో నాలుగో వంతు ఉంటే దాన్ని నూరు గాఢత అంటారు. రాయి కోసే సెగ్మెంట్లలో గాఢత సాధారణంగా 20 నుంచి 40 దాకా ఉంటుంది. లెక్క కడితే పదింట తొమ్మిది పాళ్ళకు పైగా లోహమే.

ఆ తొమ్మిది పాళ్ళ లోహానికి రెండు బాధ్యతలున్నాయి. పలుకుకు పని చేసే బలం ఉన్నంతసేపు వదలకూడదు. దాని కొన మొద్దుబారాక మాత్రం వదిలేయాలి. లోహం రాతిపొడి ఒరిపిడికి నెమ్మదిగా అరిగిపోతూ ఉంటే పాత పలుకు రాలి, కింద ఉన్న కొత్త పలుకు బయటకు వస్తుంది. రాయి కంటే లోహం మరీ గట్టిదైతే అది అరగదు. పైన ఉన్న పలుకులన్నీ నునుపెక్కి, బ్లేడు కోయడం మాని రాతిని రుద్దుతూ వేడెక్కుతుంది. అప్పుడు మేస్త్రీలు బ్లేడును ఇటుక మీదో ఇసుకరాయి మీదో కాసేపు ఆడిస్తారు. రోలు నునుపెక్కితే కక్కు కొట్టించినట్టే ఇదీ. ఇటుకలోని గరుకుతనం లోహాన్ని కొంత తినేసి కొత్త పలుకుల ముఖాలు తెరుస్తుంది.

ఇక్కడ కొత్తవారికి వింతగా తోచే సూత్రం ఒకటుంది. గట్టి రాతికి మెత్తటి లోహం కావాలి, గరుకైన మెత్తటి రాతికి గట్టి లోహం కావాలి. గట్టి గ్రానైట్ నుంచి వచ్చే పొడి సన్నగా, తక్కువగా ఉంటుంది. అది లోహాన్ని అరగదీయలేదు కనుక లోహమే కొంత మెత్తగా ఉండాలి. ఇటుక, ఇసుకరాయి, పచ్చి కాంక్రీటు పొడి లోహాన్ని గబగబా తినేస్తుంది కనుక టంగ్‌స్టన్ కార్బైడ్ వంటివి కలిపి లోహాన్ని గట్టిపరచాలి. చీమకుర్తి గెలాక్సీ పేరుకు గ్రానైటే అయినా భూగర్భ శాస్త్రవేత్తల లెక్కలో గాబ్రో కుటుంబానికి చెందిన రాయి. అందులో నక్షత్రాల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు తునకలు, క్వార్ట్జ్ బహు స్వల్పం. కరీంనగర్ నుంచి వచ్చే టాన్ బ్రౌన్ పెద్ద పెద్ద గోధుమరంగు ఫెల్డ్‌స్పార్ స్ఫటికాల రాయి, అందులో క్వార్ట్జ్ కూడా ఉంది. ఈ రెంటికీ తోడు మోర్బీ విట్రిఫైడ్ టైల్. మూడూ ఒకే ఇంట్లో ఒకే బ్లేడుతో కోస్తుంటే ఏదో ఒకటి పెచ్చులూడటంలో ఆశ్చర్యం లేదు. తప్పు మేస్త్రీ చేతివాటంది అనుకునే ముందు బ్లేడు లోహం ఏమిటో చూడటం న్యాయం.

లోహాల్లో కోబాల్ట్‌కు చాలాకాలం ఎదురు లేకపోయింది. పలుకును బాగా బిగించి పట్టుకుంటుంది, గట్టితనంతో పాటు సాగే గుణమూ ఉంది, అరుగుదల కూడా క్రమంగా ఉంటుంది. చిక్కల్లా అది వచ్చే చోటుతోనే. ప్రపంచపు కోబాల్ట్‌లో అత్యధిక భాగం ఒక్క కాంగో దేశానిదే. 1978లో అక్కడి షాబా రాష్ట్రంలో అల్లర్లు రేగినప్పుడు ధర ఆకాశాన్నంటింది. పనిముట్ల తయారీదారులు ఇనుము, రాగి ఎక్కువగా, కోబాల్ట్ తక్కువగా ఉండే ముందే కలిపిన మిశ్రమ పొడుల వైపు మళ్ళడానికి ఆ ధరల భయం ఒక కారణం. రెండో కారణం ఆరోగ్యం. బెల్జియంలో కోబాల్ట్ పట్టు ఉన్న వజ్రపు పళ్ళేల మీద రత్నాలకు సాన పట్టేవారి ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని వైద్యులు 1984లో రాశారు. వారికి హాని చేసింది వజ్రం కాదు, దాన్ని పట్టి ఉంచిన లోహపు ధూళి. కాంగో గనుల్లో చిన్నపిల్లలు పనిచేస్తున్న సంగతి కూడా తెలిశాక, కోబాల్ట్ తగ్గించడం ఖర్చు లెక్క మాత్రమే అనలేం.

సెగ్మెంట్ లోపల పలుకు పట్టు ఎంత బాగున్నా, సెగ్మెంట్‌కూ ఉక్కు చక్రానికీ మధ్య ఇంకో అతుకు ఉంటుంది. ప్రాణాపాయం దాగి ఉండేది దానిలోనే. నాలుగంగుళాల బ్లేడ్లలో చాలావరకు అంచునంతా ఉక్కు చక్రం మీదే అదిమి, వేడి చేసి అతికిస్తారు. పెద్ద బ్లేడ్లకు సెగ్మెంట్లను విడిగా చేసి వెండి మిశ్రమాన్ని కరిగించి అతికిస్తారు, దీన్నే బ్రేజింగ్ అంటారు. 700 డిగ్రీల లోపే కరిగే ఈ అతుకు నీళ్ళు పోస్తూ కోసినంత కాలం నమ్మకంగా ఉంటుంది. నీళ్ళు లేకుండా పొడిగా కోస్తే వేడికి అతుకు బలహీనపడి సెగ్మెంట్ ఊడి, తూటాలా దూసుకొచ్చే ప్రమాదం ఉంది. పొడిగా కోయక తప్పని పనులకు లేజర్ వెల్డింగ్ వచ్చింది. సెగ్మెంట్ అడుగున వజ్రం కలపని సన్నటి పొర ఉంచి, దాన్ని లేజర్‌తో ఉక్కుకు కరిగించి అతుకుతారు. ఈ అతుకు అంత తేలిగ్గా వేడికి లొంగదు. ఐరోపాలో ఈ పనిముట్ల భద్రతకు ఈఎన్ 13236 అనే ప్రమాణం ఉంది. సెగ్మెంట్ అతుకు ఎంత వంపు బలాన్ని తట్టుకోవాలో అది నిర్దేశిస్తుంది.

అరిగిపోయిన పెద్ద బ్లేడును పారేయరు. ఉక్కు చక్రం బాగుంటే పాత సెగ్మెంట్లు తీసి కొత్తవి అతికిస్తారు. ఈ పని చేసేవారు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పాతరకం వెండి బ్రేజింగ్ కడ్డీల్లో కాడ్మియం ఉండేది, దాని పొగ ప్రాణాంతకం. కాడ్మియం లేని కడ్డీలు మార్కెట్లో ఉన్నాయి. నాలుగు రూపాయలు ఎక్కువైనా అవే వాడాలి.

క్వారీలో కొండను దిమ్మెలుగా చీల్చేది మరో రూపం. ఉక్కు తాడుకు పది, పదకొండు మిల్లీమీటర్ల మందం ఉన్న వజ్రపు పూసలు గుచ్చి, మధ్య రబ్బరో ప్లాస్టిక్కో పోసి బిగిస్తారు. గ్రానైట్‌కు వాడే తాడులో మీటరుకు దాదాపు 40 పూసలుంటాయి. రాతిలో ఒకదానికొకటి కలిసేలా తొలిచిన రెండు బెజ్జాల గుండా తాడును దూర్చి, ఉంగరంలా కలిపి, చక్రం మీద తిప్పుతూ వెనక్కి లాగుతారు. ఇటలీలోని కరారా పాలరాతి గనుల్లో స్థిరపడిన ఈ రంపం తర్వాత గ్రానైట్‌కు విస్తరించింది. పాలరాతికి నికెల్ పూత పూసలు సరిపోయాయి. గ్రానైట్ దెబ్బకు ఒక్క పొర పూత ఆగదు కనుక లోహపు పొడి పూసలు కావలసి వచ్చాయి. తాడు తెగితే పూసలు గుళ్ళలా ఎగురుతాయి కాబట్టి తాడుకు ఎదురుగా మనిషి నిలబడకూడదన్నది క్వారీల్లో మొదటి పాఠం.

నికెల్ పూత సంగతి వేరు. ఉక్కు పనిముట్టును నికెల్ లవణాల ద్రావణంలో ముంచి, దాని ఒంటికి వజ్రపు పలుకులు తాకేలా పెట్టి, విద్యుత్తు పంపుతారు. నికెల్ పొర పొరగా పెరుగుతూ పలుకు ఎత్తులో సగం నుంచి మూడింట రెండొంతుల దాకా ముంచేస్తుంది. ద్రావణం వేడి 60 డిగ్రీలు దాటనక్కర్లేదు, వజ్రానికి ఏ హానీ లేదు. ఎంత వంకర ఆకారానికైనా పూత వేయవచ్చు. లోపం ఏమిటంటే పట్టు కేవలం పైపై కౌగిలి, రసాయన బంధం ఏమీ లేదు. పైగా ఒక్కటే పొర. అది పోతే పనిముట్టు పని అయిపోయినట్టే.

ఈ పద్ధతి అందరికీ తెలియకుండానే అందరి నోట్లోకీ వచ్చింది. ఏలూరు దగ్గర దుగ్గిరాలలోని సెయింట్ జోసెఫ్ దంత వైద్య కళాశాలలోనో, భీమవరం విష్ణు డెంటల్ కాలేజీలోనో పంటికి క్యాప్ వేసే ముందు డాక్టరు పన్నును చెక్కే సన్నటి కడ్డీ మీద ఉన్నది చాలావరకు నికెల్ పట్టిన వజ్రమే. జర్మనీలో డ్రెండెల్ 1930ల మొదట్లో ఈ రకం కడ్డీలకు దారి చూపాడు. గాలితో తిరిగే యంత్రంలో అది నిమిషానికి మూడు లక్షల చుట్లకు పైగా తిరుగుతుంది. పంటి ఎనామిల్‌ను పలుచగా, తేలికగా చెక్కాలి కాబట్టి ఒక్క పొర చాలు. సౌరఫలకాల కోసం సిలికాన్ దిమ్మెలను పొరలుగా కోసే వెంట్రుకంత తీగకూ ఇదే పూత. గ్రానైట్‌కు బలహీనమైన పట్టు ఇక్కడ సరిగ్గా అతికినట్టు సరిపోతుంది.

పట్టును పైపై కౌగిలి నుంచి నిజమైన బంధంగా మార్చింది వాక్యూమ్ బ్రేజింగ్. వజ్రాన్ని తడపని రాగి, వెండి, నికెల్ మిశ్రమాల్లో కొంచెం టైటానియమో క్రోమియమో కలిపితే గుణం మారిపోతుంది. ఆ లోహాలు వజ్రం పైపొరలోని కర్బనంతో కలిసి కార్బైడ్ అనే అతి సన్నటి పొర అల్లుతాయి. దాని మీద కరిగిన లోహం చక్కగా పరుచుకుంటుంది. కీవ్ నగరంలో నైదిచ్, ఆయన సహచరులు ఈ తడిసే గుణాన్ని దశాబ్దాల పాటు కొలిచారు. ఖరగ్‌పూర్ ఐఐటీకి చెందిన ఎ.కె. చటోపాధ్యాయ స్విట్జర్లాండ్‌లో హింటర్‌మాన్ బృందంతో కలిసి నికెల్–క్రోమియం మిశ్రమంతో వజ్రాన్ని ఉక్కుకు బ్రేజింగ్ చేసి 1991లో ఫలితాలు ప్రచురించారు. ఈ రంగంలో పనిచేసే ఎవరైనా ఇప్పటికీ ఆ పత్రాన్ని తలుచుకుంటారు. రసాయన బంధం ఉన్నందున పలుకును సగానికి తక్కువే ముంచినా చాలు. మిగతా ఎత్తంతా కోయడానికి పనికొస్తుంది, రాతిపొడి పోవడానికి చోటూ దొరుకుతుంది.

అంత మేలైనది అన్నిటినీ తోసిరాజని ఎందుకు రాలేదు? నికెల్–క్రోమియం మిశ్రమం కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. గాలి లేని కొలిమి కావాలి, అది ఖరీదైన సరంజామా. ఆ వేడిలో నికెల్ వజ్రాన్ని గ్రాఫైట్ వైపు లాగుతుంది. కృత్రిమ వజ్రంలో పుట్టుకతో చిక్కుకున్న లోహపు కణాలు వ్యాకోచించి లోపల్నుంచి పగుళ్ళు తెస్తాయి. పైగా ఇదీ ఒక్క పొర పనే. మధ్యేమార్గంగా పలుకులకు ముందే టైటానియం, క్రోమియం లేదా టంగ్‌స్టన్ పూత వేసి, ఆ తర్వాత లోహపు పొడిలో కలిపే పద్ధతి ఊపందుకుంది. మున్ముందు మామూలు బ్లేడ్ల మన్నికను పెంచబోయేది ఈ దారేనని అనుకోవడానికి తగిన కారణాలున్నాయి. అది ఉన్న కొలిముల్లోనే, ఉన్న అచ్చుల్లోనే ఒదుగుతుంది.

రెసిన్ పట్టు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బేక్‌లైట్ జాతికి చెందిన ఫినాలిక్ రెసిన్‌లో పలుకులు కలిపి 200 డిగ్రీల లోపే ఉడికిస్తారు. పట్టు మెత్తనిది, పలుకు త్వరగా రాలుతుంది, నునుపు మాత్రం అద్దంలా వస్తుంది. గ్రానైట్ గట్టుకు చివరి మెరుపు తెచ్చే 50 నుంచి 3000 నంబరు దాకా ఉండే పాలిష్ ప్యాడ్లు ఇవే. విజయవాడ ఆటోనగర్ లేత్ షాపుల్లో కార్బైడ్ టూల్‌కు పదును పెట్టే చక్రాలూ ఇవే. ఆ చక్రాల్లోని పలుకులకు ముందే నికెల్ తొడుగు వేస్తే రెసిన్ వాటిని మెరుగ్గా పట్టుకుంటుంది, వేడీ చెదురుతుంది. గాజు, పింగాణీ జాతి పట్టు ఇంకోటుంది. పెళుసైనదే గానీ లోపల సన్నటి రంధ్రాలుండటం వల్ల చల్లగా కోస్తుంది. వజ్రపు పనిముట్లకే సాన పట్టే సున్నితమైన ఫ్యాక్టరీ పనుల్లో దానికి పీట.

అసలు విచిత్రం కొల్లేటి అడుగున ఉంది. ఒండ్రుమట్టి కింద, వేల మీటర్ల లోతున, రాయి ఉంది. ఆ రాతిపొరల పేర్లు ఏలూరు సీమ పల్లెలవే. గొల్లపల్లి ఇసుకరాయి, రాఘవాపురం షేల్, చిన్న తిరుపతి పేరు మీద తిరుపతి ఇసుకరాయి. మెట్టలో నేల మీద కనబడే ఈ పొరలు సముద్రం వైపు వాలుతూ డెల్టా కిందికి దిగిపోతాయి. వాటి మధ్య కాజా–కైకలూరు గట్టు అనే భూగర్భపు ఎత్తు, దానికి అటూ ఇటూ గుడివాడ, బంటుమిల్లి పల్లాలు. కృష్ణా–గోదావరి బేసిన్ నేల మీద ఓఎన్‌జీసీ 1978లో నర్సాపురం దగ్గర తొలి బావి తవ్వింది. ఆ తర్వాత కైకలూరు, లింగాల ప్రాంతాల్లోనూ చమురు, గ్యాస్ బావులు వెలిశాయి.

ఇప్పుడు చమురు బావులు తవ్వే బిట్లలో సింహభాగం పీడీసీ రకం. అక్కడ వజ్రాన్ని వజ్రమే పట్టుకుంటుంది. సన్నటి వజ్రపు పొడిని కోబాల్ట్ కలిసిన టంగ్‌స్టన్ కార్బైడ్ బిళ్ళ మీద పరిచి, 55 నుంచి 60 వేల వాతావరణాల ఒత్తిడిలో, 1400 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచుతారు. బిళ్ళలోని కోబాల్ట్ కరిగి పొడిలోకి పాకుతుంది. కర్బనాన్ని తనలో కరిగించుకుని పలుకుల మధ్య తిరిగి వజ్రంగా పేర్చుతుంది. పలుకులు ఒకదానితో ఒకటి నేరుగా అతుక్కుంటాయి. జనరల్ ఎలక్ట్రిక్ 1970లలో రాతి తవ్వకానికి తెచ్చిన ఈ బిళ్ళ చమురు తవ్వకాన్ని మార్చేసింది. పాత మూడు శంకువుల బిట్టు రాతిని నలగ్గొడుతుంది. ఇది చెక్కుతుంది. రాఘవాపురం షేల్ వంటి పొరలు చెక్కుడుకు బాగా లొంగే రకం. మధ్యలో రాజోలు దగ్గర తగిలే అగ్నిశిల వంటి కఠినమైన పొర అడ్డొస్తే బిళ్ళలు పెచ్చులూడతాయి. అటువంటి చోట్ల వజ్రపు పలుకులు కలిపిన టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిలోకి రాగి మిశ్రమాన్ని కరిగించి ఇంకించిన బిట్లు పనికొస్తాయి.

పీడీసీ బిట్టు ఒక్కదాంట్లో మూడు పట్లు ఉన్నాయి. పలుకుకూ పలుకుకూ మధ్య ఒకటి, వజ్రపు పొరకూ కార్బైడ్ బిళ్ళకూ మధ్య ఒకటి, బిళ్ళకూ బిట్టు ఒంటికీ మధ్య వెండి బ్రేజింగ్. మొదటి పట్టు కట్టిన కోబాల్టే తర్వాత శత్రువవుతుంది. రాతి ఒరిపిడికి బిళ్ళ 700 డిగ్రీలు దాటితే మధ్యలో మిగిలిన కోబాల్ట్ వజ్రం కంటే ఎక్కువ వ్యాకోచించి పగలగొడుతుంది, గ్రాఫైట్‌గానూ మారుస్తుంది. అందుకని కోసే ముఖం దగ్గర పలుచటి పొర మేరకు కోబాల్ట్‌ను ఆమ్లంతో కడిగేస్తారు. కట్టడానికి తెచ్చిన లోహాన్ని పని అయ్యాక తీసేయడం ఈ రంగంలోకెల్లా తెలివైన ఆలోచన.

మెట్టలో చింతలపూడి వైపు బొగ్గు నిక్షేపాల కోసం కోర్ డ్రిల్లింగ్ జరిగినప్పుడు వాడే బిట్లు మళ్ళీ లోహపు పొడి జాతివే. గొట్టం అంచున ఉన్న లోహం అరుగుతూ కొత్త పలుకులు తెరుచుకుంటూ రాతి కడ్డీని చెక్కుచెదరకుండా పైకి తెస్తాయి. బిట్టు ఎంపికలో డ్రిల్లర్ ముందు చూసేది రాతి గట్టితనం, గరుకుతనం. ఆ రెంటికీ తగిన మెత్తదనం ఉన్న లోహాన్ని నంబరు చూసి ఎంచుకుంటాడు. బొగ్గు వెతికే డ్రిల్లర్‌కు దక్కే ఈ ఎంపిక, తాడేపల్లిగూడెంలో మెట్లు కోసే మేస్త్రీకి దక్కడం లేదు.

బిట్టు నంబరు లాంటిది మామూలు బ్లేడు మీద ఉండకపోవడం వల్ల వచ్చే నష్టాన్ని లెక్కించడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అరిగిన బ్లేడును సూక్ష్మదర్శిని కింద పెడితే పలుకులు నాలుగైదు రకాలుగా కనిపిస్తాయి. అప్పుడే తల ఎత్తినవి, నిండుగా ఉన్నవి, కొన విరిగి ఇంకా పదునుగా ఉన్నవి, నునుపెక్కినవి, రాలిపోగా మిగిలిన గుంటలు. గుంటలు ఎక్కువైతే పట్టు చాలలేదని, నునుపెక్కినవి ఎక్కువైతే లోహం మరీ గట్టిదని తేలిపోతుంది. పనిముట్ల తయారీదారులు ఈ లెక్కతోనే తమ మిశ్రమాలను సరిదిద్దుకుంటారు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్ఐటీ ఉంది, అందులో లోహశాస్త్ర విభాగం ఉంది. చుట్టుపక్కల ఇళ్ళలో అరిగి పారేసిన బ్లేడ్లు సేకరించి, ఏ రాయి కోసి అరిగాయో రాసుకుని, ఈ పలుకుల లెక్క వేయడం ఒక విద్యార్థి ప్రాజెక్టుకు సరిపోయే పని. చీమకుర్తి రాతికి ఏది, కరీంనగర్ రాతికి ఏది, మోర్బీ టైలుకు ఏది అన్న పట్టిక ఈ ప్రాంతపు మేస్త్రీల చేతికి అలా వస్తుంది.

ఇంతకంటే అత్యవసరమైనది ధూళి. క్వార్ట్జ్ ఉన్న రాతిని, టైలును పొడిగా కోస్తే లేచే సన్నటి సిలికా ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్ళి తిరిగి రాదు. అది తెచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దాన్ని తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. ఇంటి వరండాలో కూర్చుని కోసే మేస్త్రీని మాత్రం ఆ చట్టం ఫ్యాక్టరీ కార్మికుడిగా చూడలేదు. నీటి ధార ధూళిని అణుస్తుంది, పలుకును చల్లగా ఉంచుతుంది, బ్రేజింగ్ అతుకును కాపాడుతుంది, బ్లేడు ఆయుష్షును పెంచుతుంది. ఒక్క నీళ్ళతో ఇన్ని మేళ్ళు కలుగుతుంటే, కాలువలకు కొదవ లేని ఈ జిల్లాల్లో పూర్తయిన గోడలు తడుస్తాయన్న భయంతో పొడిగా కోయించడం ఇంటి యజమానులు మానుకోవలసిన పద్ధతి. రంగులు వేయకముందే కోత పని ముగిసేలా చూసుకుంటే ఆ భయమూ ఉండదు.

బ్లేడు పొట్లం మీద ఇప్పుడు వ్యాసం, గరిష్ఠ వేగం అచ్చు వేస్తున్నారు. వాటి పక్కన మరో మూడు సంగతులు తెలుగులో అచ్చు వేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. సెగ్మెంట్‌ను లేజర్‌తో అతికారా, వెండితో అతికారా, లేక చక్రం మీదే అదిమి కాల్చారా అన్నది ఒకటి. లోపలి లోహం గట్టి రాతికా, గరుకు రాతికా, టైలుకా అన్నది రెండోది. నీళ్ళు లేకుండా వాడవచ్చా, కూడదా అన్నది మూడోది. ఏలూరులోనో భీమవరంలోనో డజన్ల లెక్కన బ్లేడ్లు కొనే కాంట్రాక్టర్లు, మేస్త్రీల సంఘాలు గట్టిగా అడిగితే, ముందుగా టోకు వ్యాపారులు, వారి వెనక తయారీదారులు ఆ మూడు సంగతులూ చెప్పక తప్పదు.